వాగు దాటే బండిని నేను

నా ముందు చక్రాలకు తిరగడం ఒక్కటే కాదు, లాగడం కూడా వచ్చు. నా గురించి ఎవరడిగినా మొదట చెప్పుకునేది ఇదే. వెనక చక్రాలతో మాత్రమే నడిచే బండి బురదలో దిగబడితే ముందు చక్రాలు చేయగలిగిందేమీ లేదు, బరువు మోస్తూ నిలబడతాయి. నాకు గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అని ఇంకో పెట్టె ఉంది. ఇంజను బలాన్ని అది ఒక షాఫ్టుతో వెనక ఇరుసుకు, మరో షాఫ్టుతో ముందు ఇరుసుకు పంచుతుంది. డ్రైవరు పక్కన గేరు రాడ్డు కాక ఇంకో రెండు రాడ్లుంటాయి. ఒకటి వేస్తే ముందు ఇరుసు కలుస్తుంది. రెండోది వేస్తే వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. తారు రోడ్డు మీద మాత్రం ముందు ఇరుసు కలిపి ఉంచకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు నడిచే దూరం ఒకటి కాదు. బురదలోనైతే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారే వీలు లేక షాఫ్టులు బిగుసుకుంటాయి. ఈ సంగతి తెలిసిన చేతుల్లో పడ్డాను కాబట్టే ఇన్నేళ్లు నిలిచాను.

నేను మహీంద్రా జీపును. మోడల్ సీజే-3బీ. 1960లలో బొంబాయిలో తయారయ్యాను. మా మూలం అమెరికాలోని విల్లీస్ కంపెనీ, రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన జీపులు మాకు పెద్దలు. 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలైన ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ కంపెనీ దేశ విభజన తర్వాత ‘మహీంద్రా అండ్ మహీంద్రా’ అయింది. భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. ఇక్కడ మిగిలిన వాళ్లు విల్లీస్ జీపుల్ని భాగాలుగా తెప్పించి బిగించడం మొదలుపెట్టారు, తర్వాత సొంతంగా తయారు చేశారు. నా బానెట్ ఎత్తుగా ఉంటుంది. అది అందం కోసం పెట్టింది కాదు. నాకిచ్చిన హరికేన్ పెట్రోలు ఇంజనులో గాలి లోపలికి తీసే వాల్వులు పైన హెడ్డులో, పొగ బయటికి పంపే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. అందువల్ల ఇంజను ఎత్తు పెరిగి, దానికి తగ్గట్టు బానెట్టూ లేచింది. అమెరికాలో ఈ మోడల్ 1953లో వచ్చి 1968లో ఆగిపోయింది. మన దేశంలో ఆ తర్వాత కూడా చాలాకాలం చేశారు. మన దారులకు అది సరిపోయింది.

కొత్తలోనే ఒక సర్కారు శాఖ నన్ను ఖమ్మం జిల్లాకు పంపింది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో ప్రారంభమైంది. అంతకుముందు ఏరు దాటాలంటే పడవే గతి. వంతెన వచ్చాక ఈ ఒడ్డున సారపాక, ఆ ఒడ్డున భద్రాచలం ఒకే ఊరన్నంత దగ్గరయ్యాయి. కానీ భద్రాచలం దాటాక దుమ్ముగూడెం, చర్ల వైపు, ఇటు కూనవరం, చింతూరు వైపు వెళ్తే వంతెనలు లేని వాగులు ఎన్నో. వాగు ముందు నా డ్రైవరు ఎప్పుడూ తొందరపడలేదు. దిగి, కర్రతో లోతు చూసి, ఫ్యాను బెల్టు వదులు చేసేవాడు. ఫ్యాను తిరుగుతుంటే నీళ్లు ఇంజను మీదికి చిమ్ముతాయి. డిస్ట్రిబ్యూటరు తడిస్తే స్పార్కు పోయి వాగు మధ్యలో ఆగిపోతాను. దాని మీద గుడ్డ కప్పి, తక్కువ గేరులో, కాలు కదపకుండా ఒకే ఊపున దాటించేవాడు. అవతలి గట్టున కోయ గూడేల పిల్లలు నా వెనక పరిగెత్తేవాళ్లు. వేసవిలో తునికాకు కల్లాలు, వానల్లో వైద్యుల బృందాలు, ముక్కోటికి, శ్రీరామనవమికి బందోబస్తు. ఎండ, వాన అన్న తేడా లేకుండా ఆ దారులన్నీ తిరిగాను.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అదే రికార్డు. ఇక్కడి మనుషులు నదిని అడుగుల్లో మాట్లాడుకుంటారు. 43 అంటే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ఆ ఏడు ఆ లెక్కలన్నీ మునిగిపోయాయి. బూర్గంపాడు వైపు నీళ్లు ముంచుకొస్తుంటే ముసలివాళ్లను, బాలింతలను, వడ్ల బస్తాలను ఎక్కించుకుని మెట్టకు చేర్చాను. వెనక తలుపు మూయడానికి కుదరనంత మంది. కమాను కట్టలు పూర్తిగా అణిగి ఇరుసును తాకుతుంటే నాకు నొప్పి తెలిసింది, ఆగాలని మాత్రం అనిపించలేదు. నా బతుకులో నేను అన్నిటికన్నా ఎక్కువ గర్వపడేది ఆ రోజులకే.

తర్వాత వేలం. కొన్నది తునికాకు, వెదురు పనులు చేయించే ఒక కాంట్రాక్టరు. పెట్రోలు ఖర్చు భరించలేక నా ఇంజను పీకేసి ట్రాక్టరు డీజిలు ఇంజను పెట్టించాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. డీజిలు చవక, పైగా స్పార్కుతో పని లేదు కనుక తడిసినా ఆగదు. అలాంటి డీజిలు ఇంజన్లను కంపెనీ కూడా జీపుల్లో పెట్టింది. నాకు జరిగిందేమంటే, కొలత లేకుండా వెల్డింగు చేసిన బ్రాకెట్ల మీద దాన్ని కూర్చోబెట్టారు. ముందు కమాన్ల మీద మోయలేనంత బరువు, ఆపైన ఆగని అదురు. ఛాసీలో ఇంజను కూర్చునే చోట పగుళ్లు వచ్చాయి. వచ్చినప్పుడల్లా ఇంకో రేకు ముక్క అతికించి నడిపించారు. ఒకరోజు స్టీరింగు తిప్పితే చక్రం తిరగలేదు. సారపాకలో ఒక ఇప్పచెట్టు కింద నన్ను వదిలేశారు. సీట్లను ఎలుకలు, బాడీ తొట్టిని వాననీళ్లు తీసుకున్నాయి.

నన్ను అక్కడినుంచి ఇంటికి తెచ్చుకున్నాయన కాగితపు మిల్లులో ఫిట్టరు. భద్రాచలం పేపర్ బోర్డ్స్‌గా 1979లో ఉత్పత్తి మొదలుపెట్టి, 2002లో ఐటీసీలో కలిసిన మిల్లు అది. సారపాక రోజు ఇప్పటికీ ఆ మిల్లు షిఫ్టుల ప్రకారమే నడుస్తుంది. ఆయన ఉద్యోగమంతా పెద్ద పెద్ద రోలర్ల బేరింగులు మార్చడం, షాఫ్టులు ఒకే వరుసలో ఉన్నాయా లేదా చూడడం. ఆ క్రమశిక్షణే నా దగ్గరికి తెచ్చాడు. మొదటి పని నన్ను విప్పడం కాదు, కొలవడం. ఛాసీ ఒక మూల నుంచి ఎదురు మూలకు దారం కట్టి చూశాడు. రెండు కొలతలూ ఒకటి కాలేదు. “ముందు ఇది సరిగ్గా నిలబడాలి. దీని మీద ఏది బిగించినా తర్వాతే,” అన్నాడు. ఇంటావిడ నవ్వి, “అదేదో పండక్కి అయిపోతుందా?” అని అడిగింది. ఎన్నో పండగలు వెళ్లిపోయాయి. ఆమె తర్వాత అలా అడగడం మానేసి, తుప్పు గీకిన రేకులకు రెడాక్సైడు పూయడం నేర్చుకుంది.

గోదావరి ఒడ్డున తుప్పు లోపలినుంచి వస్తుంది. పైన రంగు నిగనిగలాడుతుంటే కింద రేకు పొడై ఉంటుంది. డ్రైవరు సీటు కిందే నా పెట్రోలు ట్యాంకు. దాని చుట్టూ చెమ్మ పట్టి నేల రేకు పోయింది. తొట్టిని మోసే అడ్డ పట్టీలైతే చేత్తో నలిపితే రాలాయి. లప్పం పెట్టి రంగేసి దాచేయడం సులువు. ఆయన ఆ దారి తొక్కలేదు. కుళ్లినంత మేర కోసి, అదే మందం కొత్త రేకు కొట్టించి వెల్డు చేయించాడు. రంగు గీకుతుంటే పొరలు పొరలుగా నా గతం బయటపడింది. కాంట్రాక్టరు నీలం, దాని కింద ఎవరో వేసిన పసుపు, అడుగున సర్కారు బూడిద రంగు. ఏ రంగు వేయాలన్న వాదన ఇంట్లో ఇంకా తెగలేదు.

డీజిలు ఇంజను తీసేయాలన్నది మాత్రం తేలికగా తేలిన నిర్ణయం కాదు. ఎన్నో ఏళ్లు నన్ను నడిపిన గుండె అది. చుట్టుపక్కల వాళ్లంతా డీజిలే ఉంచమన్నారు. ఆయన పగుళ్లు పట్టిన చోట వేలు పెట్టి చూపించాడు. “ఇది మోయగలిగిందే పెట్టాలి.” అంతే. పెట్రోలు ఇంజను కోసం వేట మొదలైంది. విజయవాడ ఆటోనగర్ తుక్కు దుకాణాల్లో వెతికి వెతికి, చివరికి ఒక హరికేన్ బ్లాకు సంపాదించాడు. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు. నాతో పుట్టింది కాదు గానీ నా జాతిదే.

ఆ ఇంజనును బాగుచేసినవాడి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పాల్వంచలో ఒక ముసలి మెకానిక్కు, అందరూ ఉస్తాదు అంటారు. కళ్లు సరిగా కనపడవు. బ్లాకు పక్కన మూత విప్పి, కింది వాల్వుల సందును ఫీలర్ గేజీతో, వేళ్ల బిగువును బట్టి సరిచేశాడు. కింది వాల్వులకు తగినంత సందు ఎందుకుండాలో మా ఫిట్టరుగారి మేనల్లుడికి వివరించాడు. ఎగ్జాస్టు వాల్వు మీదుగా మండిన వాయువు పోతుంది, వేడికి కాడ పొడవు పెరుగుతుంది, సందు చాలకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కుర్రాడు ఇదంతా ఫోనులో రికార్డు చేసుకున్నాడు. నాకు ఊపిరి ఆడింది అప్పుడే. విడిభాగం దొరక్కపోతే లేతు మీద చేయించుకోవచ్చు. స్టీరింగు బెల్‌క్రాంకు బుష్షు అలాగే గన్‌మెటలుతో చేశారు, చక్రం ఆట తగ్గింది. ఉస్తాదు వేళ్లకు తెలిసినదాన్ని ఏ లేతూ చేసివ్వలేదు.

అంతా ఒక కొలిక్కి వస్తోందనగా 2022 జులై వచ్చింది. నది 71.3 అడుగులకు చేరింది. 1986 తర్వాత అంత ఎత్తు చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా వీధి పల్లంలో ఉంది. తొట్టిని ట్రాక్టరు ట్రాలీలో మెట్టకు పంపారు. ఇంజనును చైన్ పుల్లీతో షెడ్డు దూలానికి ఎంత ఎత్తు వీలైతే అంత ఎత్తుకు లేపి కట్టారు. ఛాసీని తాళ్లతో చెట్టుకు బిగించారు. ముందు ఇరుసును తీయడానికి సమయం చాలలేదు. పునరావాస కేంద్రానికి పోతూ మా ఆయన ఒక చేత్తో బట్టల సంచి, ఒక చేత్తో కార్బురేటరు పట్టుకుపోయాడు. ఇంటావిడ చూసి ఏమీ అనలేదు. ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లచక్రాలున్న నూనె డబ్బాను ఆమే నెత్తిన పెట్టుకుంది.

నీళ్లు తీశాక ఇంట్లో ఒండ్రు, షెడ్డులో ఒండ్రు. ఇరుసులో గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్లు అందులోంచే దూరాయి. అడుగు బోల్టు విప్పితే గేరు ఆయిలు పాలు కలిపిన టీ రంగులో కారింది. బేరింగుల్లో ఇసుక. మళ్లీ విప్పడం, కిరోసినుతో కడగడం, క్రౌన్ పినియన్ పళ్ల మీద రంగు రాసి ఎక్కడ తగులుతున్నాయో చూడడం, పల్చటి షిమ్ములు ఒకటి పెట్టి ఒకటి తీసి సరిచేయడం. మిల్లులో నేర్చిన డయల్ గేజీ అప్పుడే నాకు నిజంగా అక్కరకొచ్చింది. ముందు ఇల్లు బాగుచేసుకోవాలి కదా, నా వంతు రావడానికి చాలాకాలం పట్టింది. అది న్యాయమే.

కాగితాల దగ్గర ఇంకో మలుపు. 2021లో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా నమోదు చేయడానికి 20 వేలు. మేనల్లుడు దాని మీద మనసు పడ్డాడు.

“మామయ్యా, వింటేజ్ నంబరంటే ఎంత గౌరవం! ఆటోనగర్ ఇంజను సంగతి అడిగి చూద్దాం.”

“ఆ నంబరుతో పర్ణశాల పోవచ్చా అల్లుడూ?”

“ప్రదర్శనలకు, ర్యాలీలకు పోవచ్చు. రిపేరుకు, పెట్రోలు పోయించడానికి కూడా. రోజూ తిరగడానికి ఒప్పుకోరు.”

“మరి వాగు దగ్గర ఎవరైనా ఆగిపోతే?”

కుర్రాడు జవాబు చెప్పలేదు. నేను చెప్పగలిగితే చెప్పేదాన్ని. నాకు మామూలు నంబరే కావాలి. అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్‌కు వెళ్లి, బ్రేకులు, లైట్లు, పొగ చూపించి, ఈ రోడ్డు మీద నడిచే హక్కును మళ్లీ మళ్లీ సంపాదించుకుంటాను. సర్కారు దగ్గరే ఉండిపోయి ఉంటే 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల నమోదు రద్దయిన 2023 ఏప్రిల్‌తో నా కథ ముగిసేది. అద్దాల వెనక నిలబడడానికి కాదు, పని చేయడానికి చేశారు నన్ను. మా ఆయనకీ అదే మాట. మార్చిన ఇంజను నంబరును ఉన్నదున్నట్టు చూపించి, మామూలు నమోదుకే దరఖాస్తు పెడుతున్నాడు.

నేను తిరిగిన దారులు మాత్రం మారాయి. కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. సారపాక 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. పాత వంతెన పక్కన రెండోది వచ్చింది. చేల గట్ల నిండా జామాయిల్ తోటలు. కర్రతో లోతు చూసి దాటిన వాగుల్లో చాలావాటి మీద ఇప్పుడు కల్వర్టులున్నాయి. నాకు పని తగ్గినందుకు విచారం లేదు. ఆ గూడేలకు అంబులెన్సు వెళ్తోందంటే సంతోషం. చర్ల అవతల ఇంకా దారి లేని చోట్లున్నాయని మాత్రం నాకు తెలుసు.

ఇంకా పని ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక సీలు చెమ్మగిల్లుతోంది. కాన్వాసు టాపు కుట్టాలి. చేతి బ్రేకు, అది చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టుకు పట్టేది, ఇంకా సరిగా పట్టడం లేదు. వచ్చే ఆదివారం ముందు ఇరుసు బిగిస్తారట. ఉస్తాదును తీసుకురావడానికి మేనల్లుడు పొద్దున్నే పాల్వంచ వెళ్తాడు, ఇంటావిడ ఆయనకు చేపల పులుసు చేస్తానంది.