కుక్క నవ్వింది

పోయిన దసరా సెలవుల్లో మా ఇంట్లో ఒక కుక్క నన్ను చూసి పద్నాలుగు సార్లు నవ్వింది. లెక్కబెట్టింది మా అక్క కొడుకు.

ఆ కుక్క టీవీలోది. 'డక్ హంట్' అని పాత వీడియో గేము. బాతు తప్పించుకుపోతే గడ్డిలోంచి లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. నింటెండో కంపెనీ 1984లో జపాన్లో తెచ్చిన ఆట. మా కలకడకు వచ్చేసరికి దానికి పేరూ లేదు, ఊరూ లేదు. నకిలీ మిషను, పసుప్పచ్చ క్యాసెట్టు, క్యాసెట్టు మీద 9999999 ఆటలని అచ్చు. తిప్పి తిప్పి చూస్తే ఉండేవి ఆరు. మిగతావన్నీ ఆ ఆరింటికే మారుపేర్లు. ఆ తొమ్మిదుల్ని నమ్మి, 1998లో ఎండాకాలమంతా ఏడో ఆట కోసం వెతికినోణ్ణి నేను. టమోటాలో నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది నాయన మదనపల్లెలో కొనిచ్చినాడు. రెండు రిమోట్లు, ఒక గన్ను. ఆ గన్నులోంచి కంటికి కనపడని ఒక కిరణం పోయి బాతును కొడుతుందని నా నమ్మకం. చిన్నాయన కొడుకు టీవీ పక్కన నిలబడితే, "కండ్లు పోతాయిరా, జరుగు" అని అరిచేవాణ్ణి. వాడు నిజంగానే జరిగేవాడు.

ఇంత తెలివైనోణ్ణి కాబట్టే, పెద్దయినాక పాత ఆటల్ని కొత్తగా మళ్లీ చేయడం మీద నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. అది పాపం. బస్టాండు దగ్గర టీ అంగట్లో, అడిగినోళ్లకూ అడగనోళ్లకూ ఇదే చెప్పేవాణ్ణి. సాక్ష్యం కూడా ఉండేది. 2021 నవంబరులో జీటీఏ పాత ఆటలు మూడింటినీ కలిపి కొత్తగా విడుదల చేసినారు. అందులో మేము ఇంటర్నెట్ సెంటరులో గంటల లెక్కన ఆడిన వైస్ సిటీ కూడా ఉంది. తప్పులు కుప్పలు. వాన పడితే దారి కనపడదు, మనుషుల మొహాలు మైనపు బొమ్మల మాదిరి ఉన్నాయి. పైగా పాతవాటిని అప్పటికే అమ్మకంలోంచి తీసేసినారు. జనం తిట్టినంక కంపెనీ క్షమాపణ చెప్పి, కంప్యూటరు మీద ఆడే పాతవాటిని తిరిగి పెట్టింది. "చూసినారా? తాతను ఇంట్లోంచి వెళ్లగొట్టి, తాత వేషం కట్టినోణ్ణి మంచమ్మీద కూర్చోబెట్టినారు" అని నేను చెప్తే టీ అంగడి మామ తల ఊపినాడు. ఆయనకు జీటీఏ అంటే ఏందో తెలీదు. తల ఊపితే నాకు చాలు.

దసరాకు అక్క కొడుకు వచ్చినాడు. ఎనిమిదో తరగతి. చేతిలో ఎప్పుడూ ఫోను, ఫోన్లో తుపాకులు. "తుపాకి అంటే అట్లా వేలితో రుద్దేది కాదు అల్లుడూ, రా, చూపిస్తా" అని అటకెక్కి మిషను దించినాను. ఇరవయ్యేళ్ల దుమ్ము. క్యాసెట్టులో ఉఫ్ అని ఊదితే మారియో లేచి పరిగెత్తినాడు. పిల్లోడు మొదటి పుట్టగొడుగుకే చచ్చినాడు, మళ్లీ మొదలుపెట్టినాడు, అరగంట లేవలేదు. గ్రాఫిక్స్ బాగాలేవని ఒక్క మాట అనలేదు. నా వాదం గెలిచిందనుకున్నాను.

తర్వాత గన్ను పట్టుకున్నాను. కుక్క వాసన చూసుకుంటా వచ్చింది, బాతు లేచింది, కాల్చినాను. ఏమీ కాలేదు. కుక్క నవ్వింది. ఇంకో బాతు. నవ్వింది. ముందుకు జరిగి జరిగి, చివరికి గన్ను కొనను టీవీకి ఆనించి కాల్చినాను. "మామా, బాతు బతికే ఉండాది" అన్నాడు పిల్లోడు.

ఎలుకలు వైరు కొరికినాయన్నాను. స్క్రూడ్రైవరుతో విప్పినాను, అతికినాను, అతకనక్కర్లేని చోట కూడా అతికినాను. మరుసటి రోజు మదనపల్లె పోయి ఇంకో గన్ను కొన్నాను. అదీ అంతే. మళ్లీ బస్సెక్కి ఆ అంగటికే పోయి, నలుగురు కొనేవాళ్ల ముందర గొంతు పెంచి "మోసం" అనే మాట వాడినాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లు మాదిరి ఉంది.

అంగడాయన కోపం తెచ్చుకోలేదు. "అన్నా, ఏ టీవీకి పెట్టినావు?" అన్నాడు.

"ఎల్ఈడీ. 43 అంగుళాలు." కొంచెం గర్వంగానే చెప్పినాను.

ఆయన లోపలి గదిలోకి పిలిచి, మిషన్లు పరీక్ష చేసుకునే పాత డొక్కు టీవీకి నా గన్నే తగిలించి కాల్చినాడు. మూడు బాతులు, మూడూ రాలినాయి.

గన్ను కాల్చదు, చూస్తుంది. నా నలభయ్యో ఏట తెలిసిన సంగతి ఇది. ట్రిగ్గరు నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉండే చోట తెల్లటి గడి పడుతుంది. గన్ను మూతిలో ఉండే కన్నుకు చీకటి వెంట వెలుగు కనపడితే బాతు చచ్చినట్టు లెక్క. వెనక బుర్ర ఉండే పాత టీవీ బొమ్మను పైనుంచి కిందికి గీతగీతగా, మన దేశంలో సెకనుకు 50 సార్లు, వచ్చింది వచ్చినట్టే గీసేస్తుంది. కొత్త టీవీ అట్లా కాదు. వచ్చిన బొమ్మను కాస్త పట్టుకుని, సాగదీసి, నునుపు చేసి అప్పుడు చూపిస్తుంది. సెకనులో కొన్ని వందో వంతుల ఆలస్యం, అంతే. ఆ తెల్ల గడి పడేసరికి గన్ను కన్ను మూసేసుకుని ఉంటుంది.

అంటే, నేను ముట్టుకోకూడదన్న ఆట ఈ రోజు ఏ అంగట్లో కొత్త టీవీ కొన్నా నడవదు. మారియోకు పాత టీవీతో పని లేదు, వాడు ఏ తెర మీదైనా పరిగెత్తుతాడు. ఈ బాతుల ఆటకు సగం ప్రాణం టీవీలో ఉంది. ఆ టీవీ పోయింది. నింటెండో వాళ్లకు ఇది నాకన్నా ముందే తెలుసు. 2014లో వీ యూ అనే మిషనుకు ఈ ఆటను తెచ్చినప్పుడు, గన్ను పక్కన పెట్టి రిమోటుతో గురి చూసేటట్టు మార్చినారు. ఆ సంగతి అప్పుడు చదివి 'చెడగొట్టినారు' అన్నోళ్లలో నేనొకణ్ణి.

బస్సులో తిరిగొస్తా పూర్తిగా మారిపోయినాను. నా మారడం కూడా మూర్ఖంగానే ఉంటుంది. టికెట్టు వెనక మళ్లీ చేయాల్సిన ఆటల జాబితా రాసినాను. మొదటి పేరు మారియో. ఇంటికొచ్చి చూపిస్తే పిల్లోడు, "దానికేమైంది మామా? బాగానే ఆడుకుంటి కదా" అన్నాడు. కొట్టేసినాను. రెండోది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, వీడియో తీసి, ఆ బొమ్మల్ని చూసి గీసి 1989లో తెచ్చిన ఆట. ఆ నడక ఇప్పటికీ మనిషి నడకే, దానికి వంక పెట్టే పని లేదు. ఆ వరసలో 2003లో వచ్చిన 'సాండ్స్ ఆఫ్ టైమ్'ను మళ్లీ చేసే పని పుణె, ముంబయి స్టూడియోలకు ఇచ్చినామని 2020లో ప్రకటించినప్పుడు మాత్రం, పాపం గీపం మర్చిపోయి "మనోళ్లే చేస్తా ఉండారు" అని ఊరంతా చెప్పుకున్నాను. 2022లో పని మాంట్రియల్‌కు పోయింది. నేను టీ అంగడి మార్చినాను.

మూడో పేరు రాయడానికి సిగ్గుపడినాను. 'హనుమాన్: బాయ్ వారియర్'. 2009లో హైదరాబాదులో అరోనా టెక్నాలజీస్ వాళ్లు చేసింది. ప్లేస్టేషన్ 2 కోసం మన దేశంలో తయారైన మొదటి ఆట. మెచ్చినోళ్లు తక్కువ. నేనైతే ఆడకుండానే నవ్వినాను, అచ్చం ఆ కుక్క మాదిరి. బాగా కుదిరిన ఆటను మళ్లీ చేస్తే కొత్తగా ఏమొస్తుంది? గాలికి పుట్టినోడు ఎగరడం అనే ఇంత మంచి ముడిసరుకు సరిగా ఉడకకుండా మిగిలిపోతే, దాన్నే కదా మళ్లీ పొయ్యి మీద పెట్టాల్సింది! ఆ పేరు కొట్టేయలేదు.

పాత టీవీ కోసం వేట మొదలైంది. "మనకు ఒకటి ఉండె కదమ్మా?" అన్నాను. అమ్మ చెనిక్కాయలు ఒలుస్తా తలెత్తలేదు. "నువ్వే కదా పాత ఇనుప సామాన్లోనికి ఇచ్చేయమంటివి. ప్లాస్టిక్ బుట్ట ఇచ్చినాడు. అదిగో, చెనిక్కాయలు పోసిండేది అదే."

గన్నును గుడ్డలో చుట్టి అటక మీద దాచుకుని, టీవీని ఒక బుట్టకు ఇచ్చేసినోణ్ణి నేనే.

చివరికి వాయల్పాడులో చిన్నాయన ఇంట్లో ఒకటి దొరికింది. మదనపల్లె యార్డులో టమోటాలు దించి, ఖాళీ ట్రేలతో తిరిగొస్తా ఉన్న బండిలో ట్రేల నడుమ దాన్ని కూర్చోబెట్టి, కలికిరి మీదుగా తెచ్చినాను. ఆ రాత్రి పిల్లోడికి మొదటి బాతు గురి తప్పింది. కుక్క లేచి నవ్వింది. వాడు ఆలోచించకుండా గన్ను తిప్పి కుక్కను కాల్చినాడు. 1998లో నేను చేసిన మొదటి పని కూడా అదే. కుక్కకు ఏమీ కాలేదు.

"మామా, దీన్ని కొత్తగా చేస్తే కుక్కను కాల్చనిస్తారా?"

"ఇయ్యకూడదు" అన్నాను. ఎందుకని అడిగినాడు. ఇంకా జవాబు వెతుకుతా ఉన్నాను, వాడు మళ్లీ కాల్చినాడు.