నడిగడ్డ గుంత మగ్గం ఆత్మకథ

కృష్ణా తుంగభద్రల నడుమ నేలకు నడిగడ్డ అని పేరు. అక్కడ, సుంకేసుల బరాజ్‌కు దగ్గరగా తుంగభద్ర గట్టున ఉన్న రాజోలిలో, ఒక నేతకారుని ఇంట్లో పాతుకొని ఉన్న ఈ గుంత మగ్గం చెప్పుకొనేది సొంత కథే అయినా, తనను పరాయిదానిలా ప్రస్తావించుకోవడమే దానికి అలవాటు. నేసిన చీర గద్వాల పేరుతో అమ్ముడుపోతుంది గాని మగ్గం పేరుతో కాదు గదా.

నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించుకొని, దాని అంచున కూర్చొని, అడుగునున్న తొక్కుడు చెక్కలను తొక్కుతూ నేసేదే గుంత మగ్గం. గుంత వల్ల చోటు కలిసి వస్తుందన్నది సగం నిజమే, మిగతా సగం చెమ్మది. పడుగు, అంటే చీర పొడవునా సాగే దారాలు, నేలకు దగ్గరగా ఉంటే మట్టిలోని చెమ్మ వాటికి అందుతుంది. చెమ్మ తగిలిన నూలు కాస్త సాగుతుంది, పొడిగాలికి ఎండిన నూలు పుటుక్కున తెగుతుంది. గద్వాల చీరకు ఒళ్లు నూలుది, అంచులూ కొంగూ పట్టువి. ఒంటి పేకను, అంటే అడ్డదారాన్ని, అంచు పేకతో మెలివేసి కలిపే కుప్పడం నేతలో పేకను అటూ ఇటూ మోసే నాడెలు మూడు ఆడతాయి కనుక తెగిన ప్రతి పోగూ పనిని ఆపుతుంది. అందుకే వేసవిలో గుంత చుట్టూ నీళ్లు చల్లేవారు. కొలత తప్పని తడే ఈ మగ్గానికి ఆయువు.

2009 అక్టోబరు మొదటి రోజుల్లో ఆ కొలత తప్పింది. ఎగువన కర్ణాటకలోను, రాయలసీమలోను కురిసిన వానలకు తుంగభద్ర పొంగి రాజోలిని, అలంపురాన్ని, కర్నూలును ముంచింది. శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీరు చేరింది, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. వరద గుమ్మం ఎక్కక మునుపే గుంత అడుగున ఊట కనిపించింది. ఇంట్లో అన్నింటికంటె లోతైనది గుంతే గనుక నీరు మొదట చేరేదీ, చివరకు వదిలేదీ అక్కడే.

వరద తీశాక బయటపడ్డ దృశ్యం చెప్పదగ్గదే. చీర బొమ్మను రంధ్రాలలో దాచుకొనే జకార్డు అట్టలు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకొని, వేలితో తాకితే పొరలు పొరలుగా ఊడాయి; సగం నేసిన చీరలో ఎర్రంచు రంగు తెల్లని ఒంటిలోకి పాకింది; గంజి పట్టించిన పడుగు మీద ఒకటి రెండు రోజుల్లోనే బూజు లేచింది, గంజి బూజుకు మంచి ఆహారం మరి.

గుంతలో నీరుంటే వెంటనే తోడేయాలనిపించడం సహజం, కాని అది తొందరపాటు. చుట్టూ నేల నీటితో నానివుండగా లోపలి నీటిని ఒక్కసారిగా తోడేస్తే, వెలుపలి ఒత్తిడికి ఎదురు లేక గుంత గోడ లోనికి విరిగిపడుతుంది. బయటి నీరు దిగేకొద్దీ లోపలిది విడతలుగా తీయాలి. తడిసిన మగ్గం కొయ్యనూ ఎండలో పడేయరాదు, ఎందుకంటే పైపొర ముందుగా ఆరి ముడుచుకొని, లోపలి తడి వదలక, పగుళ్లు పుడతాయి. పేకను తోసి బిగించే పలక రవ్వంత వంకరపోయినా నాడె దారి తప్పుతుంది. మట్టి గోడది మరో తీరు: అడుగునుంచి పైకి పాకిన తడి ఆరిపోతూ తనతో తెచ్చిన లవణాలను తెల్లని పొరగా వదులుతుంది, దాన్ని కప్పిపుచ్చడానికి సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కి గోడ మరింత గుల్లబారుతుంది. ఆరనివ్వడమే అసలు మరమ్మతు, అదే ఎవరికీ ఓపికలేని పని.

ఈ మగ్గానికి పలకా, తొక్కుడు చెక్కలూ, అట్టలూ మారాయి. గుంత మాత్రం పాతదే. విపత్తు సహాయ నిబంధనలలో నేతకారుని పనిముట్లకు ఒక పద్దు, నూలు, పట్టు, సగం నేసిన సరుకులకు మరో పద్దు ఉన్నాయి, ఇంటి నష్టం వాటికి వేరు. కాబట్టి వరద తీసిన ఇంట్లో బురద ఎత్తకముందే గుంతనూ, మగ్గాన్నీ, దానిమీది పడుగునూ ఫొటో తీయించి, లెక్క రాసుకోవడానికి వచ్చిన అధికారిచేత రెండు పద్దులూ విడివిడిగా రాయించుకోండి.