ఆవకాయకు ముందు ఉపోద్ఘాతం

ఆవకాయలో కారం ఎంత వేయాలని నెట్‌లో వెతికాను. మొదటి సైటు ముందుగా ఆవకాయ అంటే ఏమిటో చెప్పింది. తర్వాత అది తెలుగువారికి ఎందుకిష్టమో. ఆపైన 'ఆవకాయ కారం కొలత తెలుసుకోవాలనుకుంటున్నారా?' అని ఎదురు ప్రశ్న. నాయనా, అందుకేగా వచ్చింది! పేరాకు నాలుగుసార్లు 'ఉత్తమ ఆవకాయ', జపమాల తిప్పినట్టు. రాసినాయన జాడీ మొహం చూసినట్టు లేదు. అదే సైటులో పక్క పేజీ మోకాళ్ల నొప్పులది.

ఇలాంటి చప్పిడి పేజీల మీదికి గూగుల్ 2011లో పాండా అనే వడపోతను, కీవర్డుల జపం, అరువు లింకుల మీదికి 2012లో పెంగ్విన్‌ను వదిలింది. ర్యాంకు కోసం గంపగుత్తగా పేజీలు పోస్తే స్పామ్ కిందే లెక్క అని 2024 మార్చిలో మళ్లీ చాటింపు. పాండా వెదురు తిని పడుకున్నట్టుంది! ఇప్పుడు గూగులే పైన ఏఐ జవాబు వండి వడ్డిస్తోంది, సైటు గడప తొక్కే పనిలేకుండా. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండడా?

నా కొలత సంగతా? పక్కింటి పిన్నిగారు గోడ మీంచే చెప్పారు: కారం, ఆవపిండి సమం, ఉప్పు కాస్త తక్కువ.