ఐదు నిమిషాల నిబంధన

మా డీబీఏ గారి సీటు కిటికీ పక్కన. చూపు మాత్రం ఎప్పుడూ మా సెషన్ల మీదే. పొద్దున్నే భుజాన బ్యాగు దించకముందే పీజీ స్టాట్ యాక్టివిటీ తెరుస్తారు. సర్వర్లోకి ఎవరెవరు దూరారు, ఏ క్వెరీ ఎంతసేపటి నుంచి నడుపుతున్నారు, అన్నీ అందులో వరుసగా ఉంటాయి. ఆయన వాటిని మనసులో చదువుకోరు. ఫ్లోరంతా వినేలా చదువుతారు.

"ఎవరయ్యా ఇది, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్? బిగిన్ కొట్టి టీకి చెక్కేస్తే సరా? ఇంట్లో కుళాయి తిప్పి ఇలాగే వదిలేసి వస్తావా?"

పోస్ట్‌గ్రెస్‌లో ఎవరూ మార్చకపోతే ఉండేవి 100 కనెక్షన్లు. అందులో మూడు సూపర్‌యూజర్ కోసం అట్టేపెట్టి ఉంటాయి. తక్కిన 97 కోసం మేం కొట్టుకు చావాలి. ఆ మూడూ ఎవరి లాప్‌టాప్‌లో ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

కొత్తగా చేరిన పిల్లలకు ఆయన తొలిరోజే చెప్పే కథ ఒకటుంది. మొరాయించిన క్వెరీని సర్వర్లోనే పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్‌తో మర్యాదగా ఆపాలట. వినకపోతే పీజీ టెర్మినేట్ బ్యాకెండ్. అంతేగాని లైనక్స్‌లోకి వెళ్లి కిల్ మైనస్ నైన్ కొట్టకూడదు. అలా ఒక ప్రాసెస్ చచ్చిందంటే, అందరూ వాడే మెమరీ పాడైందేమోనని పోస్ట్‌మాస్టర్ మిగతా సెషన్లన్నిటినీ కూడా గెంటేసి రికవరీ మొదలెడుతుంది. "ఒక్కణ్ణి చంపబోయి ఊరందర్నీ చంపినవాడివవుతావు" అని గొంతు తగ్గించి చెబుతారు. కథ నిజమే, చెప్పడమూ బాగుంటుంది. కాకపోతే మేమందరం చాలాసార్లు విన్నాం.

అసలు సంగతి, ఆయన ఒరాకిల్ 8ఐ నాటి మనిషి. అక్కడ కమిట్ కొట్టేదాకా డేటాలో ఏ మార్పూ మార్పు కాదు. చూసి, మళ్లీ చూసి, అప్పుడు కొట్టాలి. ఆ భద్రత కోసం ఇక్కడా ఆటోకమిట్ ఆపేసుకున్నారు. దాంతో ఆయన ఉత్త సెలెక్ట్ నడిపినా లోపల ట్రాన్సాక్షన్ మొదలవుతుంది. కమిటో రోల్‌బ్యాకో కొట్టేదాకా అది ముగియదు. ప్రాంప్టులో చిన్న నక్షత్రం గుర్తు ఆ మాట చెబుతూనే ఉంటుంది, కానీ కళ్లజోడు నుదుటి మీద ఉంటుంది. లాప్‌టాప్ మూసేసినా లాభం లేదు, సర్వర్లో టీమక్స్ ఆ సెషన్‌ని నిక్షేపంగా కాపాడుతుంది.

మొన్న మా టీం ఒక టేబుల్‌కి చిన్న కాలమ్ చేర్చబోయింది. ఆల్టర్ టేబుల్ కదలదు. ఎక్కడో ఎవరో ఆ టేబుల్‌ని ఓసారి చదివి ట్రాన్సాక్షన్ తెరిచే ఉంచారు, వాళ్లు వదిలితే గాని దీనికి తాళం దొరకదు. ఇది ఆగింది కదాని దీని తర్వాత వచ్చిన సెలెక్టులన్నీ వెనక నిలబడ్డాయి. అప్లికేషన్ స్తంభించింది, ఫోన్లు మొదలయ్యాయి. డీబీఏ గారు చేతులు మడిచి రంగంలోకి దిగారు. పీజీ బ్లాకింగ్ పిడ్స్‌ని అడిగి దోషి నంబరు పట్టేశారు.

"ఎవడయ్యా వీడు? టీకి పోయాడా?"

మా టెస్టర్ అమ్మాయి తెరలోకి తొంగి చూసి, "సార్, యూజర్ నేమ్ మీదే" అంది.

ఆయన కళ్లజోడు దించుకుని చాలాసేపు చూశారు. మాలో ఎవరి సెషన్ అయినా అరక్షణంలో లేపేసే మనిషి, తన దాని దగ్గరకు వచ్చేసరికి, "ఉండండి, అందులో ఏదో చూస్తున్నట్టున్నాను" అన్నారు. హోటల్లో దోసె చెప్పి, సర్వరు రెండడుగులు వేశాక "బాబూ, అప్పుడే వెయ్యకు" అనేదీ ఈయనే.

ఈ జబ్బు నాకు లేదనను. నా డ్రాఫ్టుల్లో సగం రాసి పంపని మెయిళ్లు పేరుకుపోయి ఉన్నాయి. కాకపోతే వాటి వెనక ఎవరూ క్యూలో నిలబడరు.

పనీపాటా లేకుండా తెరిచి ఉంచిన ట్రాన్సాక్షన్‌ని గడువు దాటగానే సర్వరే తెంపేసే సెట్టింగు పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచీ ఉంది. మా డెవలపర్లందరికీ ఐదు నిమిషాల గడువు పెట్టింది ఈయనే. తనకు మాత్రం సున్నా, అంటే గడువే లేదు. ఆ రోజు మీటింగులో నేను ఆ మాటెత్తాను. అందరూ ఆయన వంక చూశారు.

పెద్దమనిషే, కాదనలేదు. ప్రొజెక్టర్ మీద అందరి ముందూ ఆల్టర్ రోల్ కొట్టి తనకూ ఐదు నిమిషాలు పెట్టుకున్నారు. తప్పుల్లేకుండా నడిచింది. మేం చప్పట్లు కొట్టాం. ఆయన నవ్వుతూ లాప్‌టాప్ మూసి భోజనానికి లేచారు. పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ రోల్‌కి కూడా కమిట్ కావాలని టెస్టర్ అమ్మాయి నా చెవిలో చెప్పేసరికి ఆయన లిఫ్టు ఎక్కేశారు.