పడవకి లెట్రిన్, లెట్రిన్‌కి గాలిగొట్టం

మా ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైలు గురించి మాట్లాడలేనివాడు లేడు, పడవ గురించి మాట్లాడగలిగినవాడూ లేడు. ఏరు చూడాలంటే మేదినీపూర్ దారిలో కంసావతి దాకా పోవాలి. పోయినా చాలా నెలలు అక్కడ నీటికన్నా ఇసకే ఎక్కువ. అలాంటి ఊరికి కాలిఫోర్నియా నుంచి ఫోను చేసి, పాత తెరచాప పడవ కొన్నానని, దాన్లో లెట్రిన్ ఎలా బిగించాలో చెప్పమని అడిగాడు మా మేనల్లుడు. అడిగింది నన్ను కాదు, మా చిన్న మావయ్యని. ఆయన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో క్యారేజీ ఫిట్టరుగా రిటైరయ్యాడు. లెట్రిన్ల విషయంలో మా వీధికి ఆయనే హైకోర్టు.

అప్పటికే మా అక్క గోల్‌బజార్ దాకా "మావోడు షిప్పు కొన్నాడు" అని చాటేసింది. కొడుక్కి సంబంధాలు చూస్తోంది మరి.

"సముద్రమ్మీద తిరిగేవోడికి లెట్రిన్ ఏటిరా? చుట్టూ అదే కదా!" అన్నాడు మావయ్య.

"కుదరదు తాతయ్యా. తీరానికి మూడు నాటికల్ మైళ్ళ లోపల అలా వదిలితే ఇక్కడ చట్టం ఒప్పుకోదు."

మావయ్య ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దానికేసి చూశాడు. హౌరా నుంచి మద్రాసు దాకా రాత్రీ పగలూ పట్టాల మీద వదిలినా ఇదేమిటని అడిగిన నాథుడు లేని సర్వీసు ఆయనది.

అసలు మన రైళ్ళలో ఆ సౌకర్యం కూడా పనసపండు పుణ్యమే అంటారు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు పనసతొనలు దండిగా తిని, కడుపుబ్బి, అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగాడు. పని సగంలో ఉండగా గార్డు ఈల వేసేశాడు. ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి, ఆడామగా చూస్తుండగా ప్లాట్‌ఫారం మీద బోర్లా పడ్డాడు. సాహిబ్‌గంజ్ డివిజన్ ఆఫీసుకి ఆయన రాసిన ఉత్తరం నిండా ఇంగ్లీషు తప్పులే. కింది తరగతి పెట్టెల్లో లెట్రిన్లు వచ్చింది దాని దెబ్బకేనని చెప్పుకుంటారు. వ్యాకరణ శుద్ధంగా రాసిన నా అర్జీలన్నీ ఇంకా ఫైళ్ళలోనే ఉన్నాయి.

మావయ్య తేరుకుని రంగంలోకి దిగాడు. 2011లో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలైన బయో టాయిలెట్ ఆయనకి కంఠతా వచ్చు. మంచుకొండల్లో సైనికుల కోసం డీఆర్‌డీఓ వాళ్ళు పెంచిన బాక్టీరియాని పెట్టె కింద టాంకులో పోస్తారు. గాలి అక్కర్లేని జీవాలవి. చీకట్లో, నీళ్ళలో, మూతేసిన టాంకులో కూర్చుని వచ్చినదాన్నంతా నీరుగా, గ్యాసుగా మార్చేస్తాయి. వాటికి లొంగనిది మన జనం పడేసే సీసాలూ గుట్కా పొట్లాలే.

"కాబట్టి టాంకు మూసెయ్, గాలి తగలనియ్యకు."

"తాతయ్యా, ఇది పూర్తిగా ఉల్టా. దీనికి గాలే ప్రాణం, నీళ్ళే శత్రువు."

పడవలోది నీళ్ళు పొయ్యని లెట్రిన్. ద్రవం ముందున్న డబ్బాలోకి, ఘనం వెనకున్న బకెట్లోకి పోవాలి. రెండూ కలిశాయా, అమ్మోనియా ముక్కు పగలగొడుతుంది. బకెట్లో కొబ్బరిపొట్టు పోసి, పనయ్యాక పక్కనున్న హ్యాండిల్ తిప్పాలి. కొబ్బరిపొట్టు మాట వినగానే మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళది ఉద్దానం. "ఓరి బాబూ, మన తోటల్లో పొట్టు గుట్టలు గుట్టలు!" అని అక్కడికక్కడే ఎగుమతి వ్యాపారం మొదలెట్టబోయాడు.

ఇక గొట్టం. బకెట్టు నుంచి డెక్కు మీదికి గొట్టం పెట్టి, పన్నెండు వోల్టుల చిన్న ఫ్యాను బిగిస్తారు. అది గాలిని బయటికి లాగాలి, లోపలికి తోయకూడదు. తిరగేసి బిగిస్తే పడుకునే గదిలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గొట్టం మధ్యలో వేలాడితే ఆవిరి నీరై అక్కడ నిలిచి దారి మూసేస్తుంది. కొసకి ఈగలు దూరని జాలీ ఉండాలి. ఇంతవరకూ ఇద్దరికీ పేచీ లేదు. గొట్టం మూతి ఎక్కడ అన్న దగ్గర వచ్చింది.

"ముందుకి పెట్టాను తాతయ్యా, అక్కడ ఎవరూ కూర్చోరు."

"లంగరేస్తే పడవ ఎటు తిరుగుతాది?"

"గాలికి ఎదురుగా."

"మరి ముందు వదిలింది ఎటెల్తాది? బొగ్గింజన్ల కాలంలో ఇంజను పక్క పెట్టెలో కూర్చున్నోడి మొహం నువ్వు చూడలేదురా!"

అవతల చాలాసేపు చప్పుడు లేదు. మేనల్లుడు గొట్టాన్ని వెనక్కి మార్చాడు. పడవ ఎన్నడూ ఎక్కని మనిషి ఫోన్లో నెగ్గిన కేసు ఇది. మావయ్య వారం పాటు వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగాడు.

అక్కకి మాత్రం ఈ గాలి గొడవ పట్టలేదు. "ఇంతకీ ఆ బకెట్టు ఎవరు తీస్తార్రా?" అంది.

"నేనే అమ్మా. నాది నేనే."

మావయ్యా నేనూ మొహాలు చూసుకున్నాం. పట్టాల మీద మన రైళ్ళు వదిలింది చీపుళ్ళతో ఎత్తినవాళ్ళున్నారు. మనుషులతో ఎత్తించకూడదని 1993లో ఓ చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి గానీ, తనది తనే ఎత్తుకుంటానన్న బాబు మా వంశంలో వీడొక్కడే.

అక్క ఫోను పెట్టేసి కాసేపు ఆలోచించింది. "సంబంధం వాళ్ళకి ఇవన్నీ ఎందుకు? షిప్పుకి అటాచ్డ్ బాత్రూం ఉందని చెప్తే సరిపోతుంది."