పొద్దుకు వీపు పెట్టి కూర్చోండి

సాయంత్రాన్ని చూడాలనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట: పడమటికి చూడకండి. కుర్చీ తూర్పుకు తిప్పి, పొద్దుకు వీపు పెట్టి కూర్చోండి. పడమట ఉండేది సూర్యుడొక్కడే. అతను పోతూ పోతూ చేసే పనంతా ఎదుటి గోడ మీద కనిపిస్తుంది.

మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు, తూర్పు వాకిలి. పడమర వైపు పక్క అపార్ట్‌మెంట్ గోడ అడ్డం. ఈ ఇంటికి సూర్యాస్తమయం లేదని వచ్చిన కొత్తలో బెంగపడ్డాను. తర్వాత తెలిసింది, వీధి అవతలి భవనంలో పై అంతస్తుల కిటికీ అద్దాలు ఆ నీరెండను పట్టి మా హాల్లోకి పంపిస్తాయని. గోడ మీద చాపంత వెలుగు పడుతుంది. పొద్దు వాలేకొద్దీ అది మెల్లగా పైకి పాకుతుంది. డిసెంబరులో ఉత్తరం వైపు క్యాలెండరు మీద పడేది, మే నెలకు దక్షిణం వైపు ఫ్రిజ్ దాకా జరుగుతుంది. మన దగ్గర సూర్యుడు గుంకే చోటు ఏడాదిలో దాదాపు 49 డిగ్రీలు అటూ ఇటూ తిరుగుతుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే సుమారు 10 డిగ్రీలు, అంటే ఐదు పిడికిళ్లు. అందుకే వెలుగు పడిన చోటల్లా పెన్సిలుతో గీత గీస్తాను, గోడకు సున్నం వేయించినా ఆ గీతలు చెరపనివ్వను. మీరూ గియ్యండి, పక్కన తేదీ రాయండి.

రెండో మాట, ఆరేసిన బట్టలు పొద్దుగూకేలోపు తియ్యకండి. కనీసం ఒక తెల్ల పంచె తీగ మీద ఉంచండి. ఆకాశం మీద మనకు తెలియని రంగు పంచె మీద తెలుస్తుంది. వైశాఖంలో దుమ్ముకు అది మట్టిపసుపుగా ఉంటుంది. భాద్రపదంలో వాన కడిగిన సాయంత్రం నారింజకు తిరిగి, ఒక్కోసారి గులాబీ దాకా వెళ్తుంది. నడినెత్తిన ఉన్నప్పటికంటే, అంచున ఉన్న సూర్యుడి వెలుగు దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. ఆ మిగిలినదే పంచెకు అంటుకుంటుంది.

పొద్దు పెరగడానికి సంక్రాంతి దాకా ఆగకండి. హైదరాబాద్‌లో సూర్యుడు అన్నిటికన్నా తొందరగా గుంకేది నవంబరు చివర్లో, 5.40 ప్రాంతంలో. డిసెంబరు 21 అతి చిన్న పగలే, కానీ అప్పటికే సాయంత్రం ఐదారు నిమిషాలు సాగి ఉంటుంది. ఆ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ గడియారం ప్రకారం రోజుకు అర నిమిషం దాకా ఆలస్యమవుతుంటుంది, దానితో పాటు తెల్లవారడమూ పొద్దుగూకడమూ ఆలస్యమవుతాయి. జూలై మొదట్లో 6.55 దాకా వెళ్తుంది, అప్పుడేమో మబ్బు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. లైటు వెయ్యకండి. పొద్దు గుంకాక మన దగ్గర 22 నుంచి 24 నిమిషాల సంధ్య వెలుతురు ఉంటుంది. ఒక్క ట్యూబ్‌లైటు దాన్నంతా మింగేస్తుంది. "అసురసంధ్య వేళ ఇల్లు చీకటిగా ఉంచకు నాయనా, లక్ష్మి గుమ్మంలోంచే వెళ్లిపోతుంది" అనేది అమ్మ. అందుకని దేవుడి దగ్గర దీపం మాత్రం పెడతాను. దీపం సంధ్యను చెడపదు. తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టండి, అన్నం ఆలస్యమైతే కానివ్వండి. ఎవరైనా వస్తే అదే మసకలో కూర్చోబెట్టండి. మొదట ఇబ్బంది పడతారు, కాసేపటికి గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఆ మసకలో మందారం కుండీని చూడండి. పగలు కంటిని లాగే ఎర్ర పువ్వు ముందు నల్లబడుతుంది, ఆకులు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. కన్ను చీకటికి అలవాటు పడుతున్నప్పుడు ఎరుపు మీద పట్టు ముందుగా వదులుతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతో పిలిచే ఈ మార్పును మీ బాల్కనీలో, డబ్బు ఖర్చు లేకుండా, రోజూ చూడొచ్చు. లైటు వేసిన ఇంట్లో మాత్రం ఇది జరగదు.

మేడ ఎక్కాలనుకుంటే అందరూ దిగేటప్పుడు ఎక్కండి. సూర్యుడు పోయాడని, ఇక చూడ్డానికేం లేదని వాళ్లు మెట్లు దిగుతుంటారు. మీరు ఎదురెక్కండి, మళ్లీ తూర్పుకే తిరగండి. కార్తీకంలో ఆకాశం తేటగా ఉన్న రోజైతే, ఇళ్ల కప్పుల మీద నీలిబూడిద రంగు పట్టీ ఒకటి లేస్తుంది, దాని పైన లేత గులాబీ అంచు. చాలామంది దాన్ని మబ్బు అనుకుంటారు. అది భూమి నీడ. మన కాళ్ల కింద ఉన్న ఈ నేలే తన నీడను ఆకాశం మీద వేస్తుంటుంది. నిమిష నిమిషానికీ పైకొస్తుంది. ఎదుటి మేడ మీద నీళ్ల ట్యాంకును గుర్తుగా పెట్టుకోండి. నీడ ఆ ట్యాంకు దాటి, గులాబీ అంచు పూర్తిగా కరిగాక దిగండి. వచ్చేటప్పుడు పంచె తెచ్చుకోండి, అప్పుడు లైటు వెయ్యండి.