బిల్లు మాత్రం నా పేరునే

ఇంట్లో ఎవరున్నారు, ఎవరెంత తిన్నారు అని అడిగే హక్కు గృహస్థుకి అనాదిగా ఉంది. వైఫై వచ్చాక అది కాస్తా ఊడింది. ఈ అన్యాయాన్ని పదిమంది దృష్టికీ తేవడం నా ధర్మం.

నెల చివరికొచ్చేసరికి మా ఇంట్లో సినిమా ముందుకు కదలదు, తెర మధ్యలో చక్రం తిరుగుతూ ఉంటుంది. కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే ‘మీ డేటా అయిపోయిందండీ’ అన్నారు. మాది అన్‌లిమిటెడ్ ప్లాను కదా బాబూ అంటే, అన్‌లిమిటెడే గానీ 3,300 జీబీ దాకానేనట. ఆపైన వేగం తగ్గిస్తారట. 4కే సినిమా గంటకి సుమారు 7 జీబీ లాగుతుంది. ఆ లెక్కన ఒక్క టీవీయే రోజుకి పదిహేను గంటల పైచిలుకు ఆడితే గానీ ఇంత ఖర్చు కాదు. మరి తిన్నదెవరు?

విచారణ మొదలుపెట్టాను. మా అమ్మ, ‘నేను చూసేది ఒక్క సీరియలేరా’ అంది. ఆవిడ కునుకు తీసినా ఎపిసోడ్లు వాటంతటవే ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయన్న సంగతి ఆవిడ లెక్కలో లేదు. మా వాడు చదువుకుంటున్నాడట. మా ఆవిడ, ‘వార్తల చర్చలు పెద్ద టీవీలో చూసేదెవరండీ?’ అంది. దేశ వ్యవహారాలు వాడకం కిందికి రావు.

ఇక సాక్ష్యం రౌటరే చెప్పాలి. బ్రౌజర్లో 192.168.1.1 కొట్టాను. యూజర్‌నేమూ పాస్‌వర్డూ రెండూ ఆ డబ్బా అడుగున స్టిక్కర్ మీదే ఉన్నాయి, తాళంకప్పకే తాళంచెవి కట్టి వేలాడదీసినట్టు. లోపల జాబితా చూసి నీరుగారిపోయాను. మేం నలుగురం, అక్కడ పద్నాలుగు మంది! ఒక్కడికీ తిన్నగా పేరు లేదు. ‘అన్‌నోన్’ అని ముగ్గురు. మిగతావాళ్లలో చాలామందికి పేరు బదులు చిరునామాయే, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి పన్నెండేసి. ‘ఈఎస్‌పీ’ అని ఒక ఘనుడున్నాడు. హాల్లో స్విచ్ కట్టేస్తే మాయమయ్యాడు. తీరా చూస్తే స్మార్ట్ బల్బు!

మా వాడి ఫోన్ మరీ ఘోరం. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో మారు చిరునామా చూపిస్తున్నాయి. బయట మనల్ని ఎవరూ వెంటాడకుండా ఉండేందుకట, మంచిదే. కానీ మా రౌటర్‌కి రెండు పేర్లు, ఒకటి మామూలుది, ఇంకోటి 5జీ అని తోక ఉన్నది. రాత్రి పదింటికి ఒక చిరునామాని బ్లాక్ చేశాను. అబ్బాయి రెండో పేరు పట్టుకుని, నిమిషంలో కొత్త మనిషై మళ్లీ లోపలికొచ్చాడు.

పోనీ ఎవరెంత వాడారో చూద్దామంటే, కంపెనీ ఇచ్చిన ఈ డబ్బాలో ఆ గడే లేదు. ఉన్నారా లేరా అన్నదే చెబుతుంది. మొత్తం లెక్క కంపెనీ యాప్‌లో ఒకే ఒక్క అంకె. ఫోన్ సెట్టింగుల్లో యాప్‌లవారీగా వైఫై వాడకం కనిపిస్తుంది నిజమే. ఆ ఫోన్ నా చేతికిచ్చేవాళ్లేరీ?

రౌటర్లు చేసే అయ్యల్లారా, కంపెనీల బాబుల్లారా! ఆ పేజీలో ఇంకొక్క గడి పెట్టించండి, ‘ఎవరు, ఎంత’ అని. తిన్నవాళ్ల చేత బిల్లు కట్టించే పూచీ నాది.